ఆపరేషన్ ఉచితమే.. మరి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?

శుక్లం తీసే వైద్యం మనకు ఎప్పటి నుంచో ఉంది. అయినా ఇళ్లలో పెద్దవారు చూపులేక తడుముకుంటూనే ఉన్నారు. ఎందుకిలా జరుగుతోందన్న ప్రశ్నతోనే ఒక ప్రభుత్వ కంటి వైద్యుడు రిటైరయ్యాక మరో 30 ఏళ్లు పనిచేశారు. ఆయనే అరవింద్ కంటి ఆసుపత్రుల స్థాపకుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి.

పులివెందుల వైపు పల్లె నుంచి ఒక పెద్దామె షుగర్, బీపీ పరీక్షలకు నా దగ్గరికి వస్తుంటుంది. ఒకరోజు ఉదయం ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. షుగర్ చూస్తే 48. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం. అరగంటకు తేరుకుంది. ఏం మింగిందో చూద్దామని సంచిలోని మాత్రలు తీయించాను. బీపీ మాత్ర, షుగర్ మాత్ర రెండూ చిన్నవే, రెండూ తెల్లనివే. బీపీ మాత్ర అనుకుని షుగర్ మాత్రనే రెండోసారీ వేసుకుంది. టార్చి వేసి చూస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు తెల్లగా కనబడుతున్నాయి.

అడిగితే అసలు సంగతి తెలిసింది. ఎనిమిది నెలల క్రితం వాళ్ల ఊళ్లో కంటి శిబిరం పెట్టారు. శుక్లం ఉందని, ఆపరేషన్ ఉచితమని, పట్నానికి రమ్మని చెప్పారు. ఆమె వెళ్లలేదు. కొడుకు చీనీ తోటల్లో కూలికి పోతాడు. కోడలికి చంటిబిడ్డ. తన కోసం ఇద్దరిలో ఒకరు రెండు రోజుల పని పోగొట్టుకోవడం ఎందుకని ఆ చీటీని దేవుడి పటం వెనక దాచేసింది.

ఇందులో నా తప్పూ ఉంది. ఆ ఎనిమిది నెలల్లో ఆమె నా ఓపీకి రెండుసార్లు వచ్చింది. రిపోర్టులో అంకె చూశాను, మాత్ర మార్చాను, తీపి తినొద్దని చెప్పాను. కళ్లు కనబడుతున్నాయా అని ఒక్కసారీ అడగలేదు. అప్పటి నుంచి షుగర్ పేషెంట్లందరినీ ఆ మాట అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ నాకు డాక్టర్ వెంకటస్వామి గుర్తుకొస్తారు. ఆయన కథ మీరు కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ పెద్దామెలాంటి వారు మీ ఇంట్లోనూ ఉండి ఉండవచ్చు.

ఇసుకలో అక్షరాలు

లాభాపేక్ష లేని ఆసుపత్రి అంటే ఏమిటో మన జిల్లా వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రి ఈ చుట్టుపక్కల తరతరాలకు తెలుసు. అలాంటి ఒక ఆసుపత్రి పది ఊళ్లకు, ఆపై రాష్ట్రాలకు ఎలా విస్తరిస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం మదురై దాకా వెళ్లాలి.

వెంకటస్వామి 1918 అక్టోబరు 1న తమిళనాడులోని ఎట్టయాపురం దగ్గర అయన్ వడమలాపురం అనే పల్లెలో పుట్టారు. తెలుగు మూలాలున్న రైతు కుటుంబం. ఐదుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. పొద్దున్నే గేదెలను మేతకు తోలి, తర్వాత బడికి నడిచి వెళ్లేవారు. బడిలో పలకలు, కాగితాలు ఉండేవి కావు. ఏటి ఒడ్డు నుంచి తెచ్చుకున్న ఇసుకను నేల మీద పరిచి, వేలితో అక్షరాలు దిద్దేవారు.

ఆ ఊళ్లో డాక్టరు లేడు, ఆసుపత్రి లేదు. ఆయన చిన్నతనంలోనే దగ్గరి బంధువులైన ముగ్గురు యువతులు గర్భిణులుగా ఉండి, నెలలు నిండుతున్న సమయంలో చనిపోయారు. ఎందుకు చనిపోయారో చెప్పేవారు కూడా లేరు. పెద్దయ్యాక డాక్టరునై కాన్పులు చేయాలని ఆ పిల్లవాడు అప్పుడే అనుకున్నాడు. మదురై అమెరికన్ కాలేజీలో డిగ్రీ చదివి, 1944లో మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరుగా బయటికొచ్చారు. ఆ తర్వాత సైన్యంలో వైద్యుడిగా చేరారు.

వంకర తిరిగిన వేళ్లు

అక్కడ ఆయన జీవితం ఒక్కసారిగా తలకిందులైంది. ముప్పై ఏళ్ల వయసులో తీవ్రమైన రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది. మన ఒంటి రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద దాడి చేసే జబ్బు ఇది. 1948లో సైన్యం నుంచి వచ్చేయాల్సి వచ్చింది. ఏడాదికి పైగా మంచానికే పరిమితమయ్యారు. నిలబడలేరు, పెన్ను పట్టుకోలేరు. చేతి వేళ్లు, కాలి వేళ్లు వంకర తిరిగిపోయాయి.

ఫిజీషియన్‌గా ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఈ జబ్బును అదుపు చేసే మందులు దాదాపు లేవు. స్టిరాయిడ్‌ను ఈ జబ్బుకు మొదటిసారి వాడి చూసింది 1948లోనే. ఇవాళ మనం మామూలుగా రాసే మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు విరివిగా వాడుకలోకి వచ్చింది 1980లలో. ఇప్పుడు మొదటి నెలల్లోనే వైద్యం మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి గంట దాకా వదలకపోతే, రెండు చేతుల కణుపులూ వాస్తే, నొప్పి ఇంజెక్షన్లతో రోజులు నెట్టకండి. డాక్టరుకు చూపించండి.

ఆయనకు ఆ అవకాశం లేదు. ఆ చేతులతో కాన్పులు చేయడం కుదరదని తేలిపోయింది. మరొకరైతే వైద్యాన్నే వదిలేసేవారేమో. ఆయన మద్రాసులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చేరి నేత్ర వైద్యం చదివారు. తన వేళ్లకు ఇమిడేలా పరికరాలు మార్పించుకున్నారు. వంకర వేళ్లతో స్కాల్‌పెల్ పట్టడం, కంటి పొరను కోయడం గంటల తరబడి సాధన చేశారు. చివరికి ఒక్క రోజులో వంద శుక్లాల ఆపరేషన్లు చేసేంత నేర్పు వచ్చింది. తన జీవితకాలంలో ఆయన లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

ప్రభుత్వ ఉద్యోగంలో 20 ఏళ్లు

1956లో మదురై మెడికల్ కాలేజీలో నేత్ర వైద్య విభాగాధిపతిగా, ప్రభుత్వ ఎర్స్‌కిన్ ఆసుపత్రిలో కంటి సర్జన్‌గా చేరారు. ఇప్పటి రాజాజీ ఆసుపత్రి అదే. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయాక తమ్ముళ్లు, చెల్లెళ్ల చదువులు, పెళ్లిళ్ల బాధ్యతంతా ఆయనే మోశారు.

ఓపీ ముందు ఎప్పుడూ పెద్ద క్యూ ఉండేది. ఆ క్యూలో లేనివారి గురించి ఆయన ఎక్కువగా ఆలోచించారు. చూపు పోయిన మనిషి పల్లెలో అరుగు మీద కూర్చుని ఉంటాడు, ఆసుపత్రి పట్నంలో ఉంటుంది. అందుకే 1960ల నుంచి పల్లెలకు వెళ్లి కంటి శిబిరాలు పెట్టారు. బడులు, సత్రాలే ఆపరేషన్ గదులయ్యేవి. చూపు ఇక రానివారి కోసం 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. డాక్టర్ల చేతికింద పనిచేసే కంటి సహాయకులకు 1973లో శిక్షణ ఆరంభించారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

అంధత్వ నివారణ కోసం ప్రపంచమంతా తిరిగిన బ్రిటన్‌కు చెందిన సర్ జాన్ విల్సన్‌తో 1965లో పరిచయమైంది. విల్సన్‌కు చిన్నప్పుడే ప్రమాదంలో చూపు పోయింది. అంధత్వాన్ని అడ్డుకోవడానికి దేశవ్యాప్త కార్యక్రమం కావాలని ఇద్దరూ కలిసి ప్రధాని ఇందిరాగాంధీని కోరారు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. ఈ రోజు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లాలకు డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తున్నారంటే దాని వేళ్లు అక్కడున్నాయి.

58 ఏళ్లకు 11 పడకలు

అదే 1976లో ఆయన రిటైరయ్యారు. వయసు 58. కీళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. పెన్షన్ తీసుకుని విశ్రాంతిగా ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో కంటి ఆసుపత్రి తెరిచారు. అందులో ఆరు పడకలు డబ్బు ఇవ్వలేని వారికి, ఐదు ఇవ్వగలిగిన వారికి. తాను నమ్మిన శ్రీ అరవిందుల పేరు దానికి పెట్టుకున్నారు.

బ్యాంకు అప్పు పుట్టలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు. తోబుట్టువులు నగలు కుదువ పెట్టారు. బంగారం కొట్ల ఊరు ప్రొద్దుటూరులో పనిచేసే నాకు, నగ కుదువకు వెళ్లిందంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో తెలుసు. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి, మిగతా కుటుంబ సభ్యులు తక్కువ జీతాలకు రాత్రింబవళ్లు పనిచేశారు. డబ్బు చేతికొచ్చిన కొద్దీ ఆసుపత్రిని పెంచుకుంటూ పోయారు. 1981 నాటికి 250 పడకల ఆసుపత్రి, 1984లో డబ్బు ఇవ్వలేని వారి కోసం 350 పడకల మరో భవనం సిద్ధమయ్యాయి. ఆ తర్వాత 1985లో తేని, 1988లో తిరునల్వేలి, 1997లో కోయంబత్తూరు, 2003లో పుదుచ్చేరి.

విరాళాల మీద ఆధారపడకుండా ఇదంతా ఎలా సాగిందని మీరు అడగవచ్చు. డబ్బు ఇచ్చేవారు ఇచ్చిన ఫీజుతోనే ఇవ్వలేనివారి ఖర్చు గట్టెక్కింది. ఇక్కడ ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగరు. ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలో రోగే తేల్చుకుంటాడు. గదిలో తేడా ఉంటుంది. ఒకచోట మంచం, ఏసీ. మరోచోట హాలు, చాప. డాక్టర్లు మాత్రం రెండు చోట్లా వాళ్లే.

అమెరికా వెళ్లినప్పుడు ఆయన మెక్‌డొనాల్డ్స్ హోటళ్లను శ్రద్ధగా గమనించారు. ఏ ఊళ్లో తిన్నా ఒకే రుచి, ఒకే నాణ్యత, అందరికీ అందే ధర. కంటి ఆపరేషన్‌ను అలా ఎందుకు అందించలేమని ఆలోచించారు. ఒక సర్జన్‌కు రెండు టేబుళ్లు పెట్టారు. ఒకరికి ఆపరేషన్ పూర్తయ్యేసరికి పక్క టేబుల్ మీద ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. చూపు కొలవడం, మందు వేయడం, ఆపరేషన్‌కు సిద్ధం చేయడం, ధైర్యం చెప్పడం అన్నీ పల్లెల నుంచి వచ్చి రెండేళ్లు శిక్షణ పొందిన అమ్మాయిలు చూసుకుంటారు. సర్జన్ సమయం మొత్తం సర్జరీకే. ఆపరేషన్ల సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో ఆపరేషన్ ఖర్చు తగ్గింది.

చీటీ తీసుకుని రానివారు

ఇన్ని చేసినా ఒక లెక్క మాత్రం ఆయనకు తేలలేదు. శిబిరంలో శుక్లం ఉందని చెప్పి, ఉచితంగా చేస్తాం రమ్మంటే చాలామంది రావడం లేదు. నా దగ్గరికి వచ్చిన పెద్దామె కథ అక్కడ ఊరూరా జరిగింది.

రానివారిని మూర్ఖులనో, భయస్థులనో అనుకుని ఆయన వదిలేయలేదు. ఎందుకు రాలేదో వాళ్ల ఊళ్లకే వెళ్లి తెలుసుకున్నారు. బస్సు చార్జీ లేదు. పట్నంలో తిండికి డబ్బు లేదు. తోడు వచ్చేవారికి కూలి పోతుంది. తెలియని చోటంటే భయం. డాక్టరు లెక్కలో ఆపరేషన్ ఉచితమే. రోగి లెక్కలో మాత్రం కాదు.

దాంతో పద్ధతి మార్చారు. శుక్లం ఉన్నవారిని శిబిరం నుంచి అదే రోజు బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అక్కడే భోజనం, పడక, ఆపరేషన్, మందులు. తర్వాత మళ్లీ ఊళ్లో దింపేవారు. ఒకే ఊరి వాళ్లంతా కలిసి వెళ్తారు కాబట్టి ఒకరికొకరు తోడు. ఇంటి నుంచి ఎవరూ పని మానుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకో అడ్డంకి లెన్సు. మీ తాతలనో, అవ్వలనో సోడాబుడ్డి అద్దాలతో చూసే ఉంటారు. పాత పద్ధతిలో శుక్లం తీసేసి ఆ మందపాటి అద్దాలు ఇచ్చేవారు. అద్దాలు పగిలితే మళ్లీ గుడ్డితనమే. కంటి లోపలే అమర్చే లెన్సు వచ్చినా, విదేశాల నుంచి తెప్పిస్తే ఒక్కోటి 100 డాలర్ల పైమాటే. పేదవారికి అది అందని పండు. అందుకని 1992లో మదురైలోనే ఆరోలాబ్ పేరుతో లెన్సుల తయారీ ప్రారంభించారు. సుమారు 10 డాలర్లకే లెన్సు తయారైంది. పేదవారికి అద్దాలు, డబ్బున్నవారికి లెన్సు అన్న తేడా పోయింది. ఆ లెన్సులు ఇప్పుడు వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి.

2004 నుంచి పల్లెలకు దగ్గరలో చిన్న కంటి కేంద్రాలు తెరిచారు. అక్కడి సహాయకురాలు కన్ను పరీక్షిస్తే, డాక్టరు పెద్దాసుపత్రి నుంచే కంప్యూటర్ తెర మీద చూసి సలహా ఇస్తారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ కూడా ఇలాగే పల్లె స్థాయిలో కంటి కేంద్రాలు నడుపుతోంది.

2006 జులై 7న డాక్టర్ వెంకటస్వామి కన్నుమూశారు. వయసు 87. అప్పటికి ఆయన ఆసుపత్రులు ఐదు, ఏటా జరిగే ఆపరేషన్లు 2 లక్షలకు పైగా. ఆయన పోయాకా ఆ పని ఆగలేదు. 2019లో తిరుపతిలో కూడా అరవింద్ ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నుంచి కడప, రాజంపేట మీదుగా బస్సెక్కితే అక్కడికి చేరవచ్చు. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి వెళ్లండి. శుక్లం ఆపరేషన్ అక్కడా చేస్తారు.

ఆ బస్సు మీ ఇంటి ముందు ఆగిందా?

డాక్టర్ వెంకటస్వామి జీవితం చదివి ఆయన వంకర వేళ్లకు, పట్టుదలకు దండం పెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆయన పంపిన ఆ బస్సే పెద్దదిగా కనిపిస్తుంది. రోగి గడప నుంచి ఆపరేషన్ టేబుల్ దాకా ఉన్న దారి కూడా వైద్యుడి బాధ్యతేనని ఆయన అనుకున్నారు. ప్రతి ఊరికీ అలాంటి బస్సు రాదు. రాని చోట ఆ పని ఇంట్లోవాళ్లే చేయాలి.

జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే ఒక చేనేత కార్మికుడు పోగు తెగిన చోటు కనబడక తప్పులు నేస్తూ, వయసు మీద పడిందని సరిపెట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో మంచి ఇంట్లో ఉంటున్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు పేపర్ చదవడం మానేశాడు, ఇంట్లో ఎవరూ గమనించలేదు. రెండూ శుక్లాలే. డబ్బున్న ఇంట్లోనైనా, లేని ఇంట్లోనైనా పెద్దవారు తమంతట తాము అడగరు. పిల్లలకు పని చెప్పడం ఇష్టం ఉండదు.

పెద్దామె సంగతి చెప్పి ముగిస్తాను. ఈసారి చీటీ ఆమె చేతికి ఇవ్వలేదు. కొడుకును పిలిపించి, ఏ రోజు వెళ్లాలో, ఎవరు తోడు రావాలో అక్కడే మాట్లాడుకున్నాం. కూలి పని లేని రోజు చూసుకున్నారు. షుగర్ అదుపులోకి తెచ్చి పంపాం. ఒక కన్ను అయిపోయింది, రెండోదానికి తేదీ ఇచ్చారు. మొన్న ఓపీకి వచ్చినప్పుడు సంచిలోంచి రెండు మాత్రల అట్టలు తీసి, ఏది బీపీదో ఏది షుగర్‌దో తనే నాకు చూపించింది.

ఇంట్లో పెద్దవారి కళ్లు: ఇవి గమనించండి

• ఒక కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండర్ చదవమనండి. తర్వాత రెండో కన్నుతో చదివించండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒక కంటి లోపం బయటపడదు.

• మెట్ల దగ్గర తడబడటం, బియ్యంలో రాళ్లు కనబడకపోవడం, రాత్రి ఎదురుగా వచ్చే లైట్లు చెదిరినట్లుండటం, అద్దాల నంబరు మాటిమాటికీ మారడం, రంగులు వెలసినట్లు కనిపించడం శుక్లం సూచనలు.

• చుక్కల మందుతో శుక్లం కరగదు. దానికి ఆపరేషన్ ఒక్కటే వైద్యం.

• శుక్లం బాగా ముదిరాకే తీయించాలన్నది పాత మాట. రోజువారీ పనికి ఇబ్బంది అయితే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి శాశ్వతంగా చూపు పోయే ప్రమాదం ఉంది.

• కన్ను ఒక్కసారిగా ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు, చూపు మసక వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

• షుగర్ ఉన్నవారికి శుక్లం త్వరగా వస్తుంది. రెటీనా కూడా దెబ్బతినవచ్చు, మొదట్లో అది తెలియదు. చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలి.

• కీళ్ల నొప్పులకు, ఆయాసానికి సొంతంగా స్టిరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడితే శుక్లం వస్తుంది. డాక్టరు రాసిన మందును మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి.

• ఆపరేషన్‌కు ముందు వాడుతున్న మందులన్నీ చూపించండి. రక్తం పలుచబరిచే మాత్రలు, ప్రొస్టేట్ మాత్రలు ఉంటే తప్పక చెప్పండి.

• ఆపరేషన్ తర్వాత కన్ను నలపకూడదు. చుక్కల మందు చెప్పినన్ని రోజులు వేయాలి. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా వెంటనే వెళ్లి చూపించుకోవాలి.

• చీటీ పెద్దవారి చేతిలో పెట్టి ఊరుకోకండి. తేదీ, తోడు, ప్రయాణం ముందే ఖాయం చేయండి.